వాగొడ్డు చేని సాక్ష్యం

చలి ముదిరే రోజుల్లో నంద్యాల బస్టాండు బయట పచ్చిశనగ చెట్లను వేళ్లతో సహా పీకి, కట్టలు కట్టి, తోపుడుబండ్ల మీద పేర్చి అమ్ముతారు. మొన్న ఆళ్లగడ్డ బస్సు కోసం నిలబడి, చేతులు ఊరుకోక ఒక కట్ట కొని కాయలు ఒలవడం మొదలుపెట్టాను. నాలుగు కాయలు ఒలిచేసరికి ఆకుల మీది పులుపు వేళ్లకు జిగటగా అంటింది. తెల్లవారకముందే శనగచేలో తిరిగిన వాళ్లకు తప్ప ఇంకొకరికి తెలియని ఆ పుల్లటి వాసన ముక్కుకు తగలగానే కాసేపు నేను బస్టాండులో లేను. పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల "ఏంది ఆంటీ, చేతులు వాసన చూసుకుంటాండారు?" అని నవ్వింది. ఏమని చెప్పను? మా అమ్మ రాత్రిపూట శనగచెట్ల మీద తెల్లపంచె పరిచేదనీ, తెల్లారి మంచుకు తడిసిన ఆ పంచెను పిండితే వచ్చే పులుసును సీసాకు పట్టి, ఏడాది పొడుగునా ఇంటిల్లిపాది కడుపునొప్పులకూ అదే మందుగా తాగించేదనీ చెబితే, ఆ పిల్ల నన్ను ఆసుపత్రికి తీసుకుపోయేది.

మా ఊరు ఆళ్లగడ్డకూ ఉయ్యాలవాడకూ నడుమ, చూపు ఆనినంత దూరం నల్లరేగడి నేలలో ఉంది. వాన పడితే ఆ మన్ను అడుగడుగునా కాళ్లకు అంటి, ఇల్లు చేరేసరికి ఒక్కొక్క కాలూ ఎద్దుకాలంత అయ్యేది. ఎండ కాస్తే అదే నేల నోళ్లు తెరిచేది, ఆ నెర్రెల్లో పడిన బలపాలూ గోలీలూ ఒక్కటీ మళ్లీ పైకి రాలేదు. తొలకరికి ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు గట్ల మీద నడిచేవి, వాటిని అగ్గిపెట్టెల్లో వేసుకుని బడికి పోయేవాళ్లం. భాద్రపదంలో కొర్ర కంకులు తలలు వంచేవి. పొద్దున్నే అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడుకే మెలకువ వచ్చేది, రొట్టె మీద శనక్కాయల ఊరిమిండి పచ్చడి పెట్టుకుని, చెయ్యి కాలుతుంటే ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటూ వీధిలోకి వచ్చి తినేవాళ్లం. ఇంట్లో కూర్చుని తింటే రుచి తగ్గుతుందని మా నమ్మకం.

మా ఇంట్లో నాయన, అమ్మ, నేను, మా నాయనకు అక్క అయిన ఎస్తేరత్త ఉండేవాళ్లం. గోడ అవతల చిన్నాయన ఇల్లు. ఎస్తేరత్త ఊరి ఎలిమెంటరీ బడిలో టీచరు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. పొడుగాటి మనిషి, గంజి పెట్టిన తెల్లచీర, నవ్వితే పెదవి ఒకవైపే కదిలేది. వారమంతా బడిలో మాకు ఎక్కాలు చెప్పింది చాలక, ఆదివారం పొద్దున గుడిలో సండేస్కూలు కూడా ఆమే నడిపేది. మా గుడి చిన్నదే. రాతి గోడలు, కింద బేతంచెర్ల బండలు, ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే ఆ బండల మీద బోర్లా పడుకోవాలనిపించేది గానీ, అత్త చూపు పడితే వెన్ను దానంతటదే నిటారుగా లేచేది.

మా సంఘంలో ఆరాధన నడుమ సాక్ష్యం చెప్పే ఆచారం ఉంది. దేవుడు తనకు చేసిన మేలును ఎవరైనా లేచి నిలబడి నలుగురి ముందూ చెప్పాలి. జ్వరం తగ్గిందనో, తప్పిపోయిన ఎనుము ఇంటికొచ్చిందనో, కొడుకు పరీక్ష పాసయ్యాడనో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటూ చెప్పేవాళ్లు. పిల్లలకు అందులో పని లేదు. ఒక ఆదివారం అత్త దేవుడు చేసిన జీవాల పేర్లు చెప్పమంటే మేమంతా పోటీలు పడి సింహం, ఏనుగు, ఒంటె, తిమింగలం అని అరిచాం. బడి గోడ మీది పటంలో అవే ఉండేవి మరి.

"సింహాన్ని ఎవురు చూసినార్రా?" అంది అత్త. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. "ఒంటెను?" ఎవరూ లేరు. "చూడనిదానికి సాక్ష్యం ఎట్ల చెప్తార్రా మీరు? వచ్చే ఆదివారం ఒక్కొక్కరూ మీ కళ్లతో చూసిన జీవాన్ని గురించి చెప్పాల. ఇనింది చెప్పగూడదు, చూసిందే చెప్పాల."

అట్లా మొదలైంది మా సాక్ష్యాల బడి. లేచి నిలబడిన వాళ్లను అత్త మూడే ప్రశ్నలు అడిగేది. యాడ చూసినావు? అదేం చేస్తాండె? నువ్వేం జేస్తివి? మొదటి రెండింటికీ ఎవరైనా చెప్తారు. మూడో దానికి చాలామంది నీళ్లు నమిలేవాళ్లు, ఎందుకంటే తొండ కనబడితే రాయి తీయడం, గూడు కనబడితే గుడ్లు తీయడం మా ఊరి పిల్లలకు చేతివాటం. "రాయి ఇసిరినా" అని ఎవడైనా నిజం చెబితే అత్త తిట్టేది కాదు. "అయితే ఇంక చెప్పేదానికేముంది, అది పాయ, నీ సాక్ష్యమూ పాయ, కూర్చో" అనేది. బెత్తం దెబ్బకు లొంగని మగపిల్లలు కూడా ఆ "కూర్చో" అన్న మాటకు ముఖం మాడ్చుకుని కూర్చునేవాళ్లు.

తమాషాలకు కొదవ ఉండేది కాదు. ఒకడు ప్రతివారమూ పేడపురుగునే తెచ్చేవాడు. ఒక బుడ్డది లేచి, "మా నాయన అరుగు మింద పడిపోయిండగా చూసినా" అంటే, పెద్దవాళ్ల వరుసలో ఉన్న ఆ నాయన నేలలోకి కుంగిపోయాడు. అత్త ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా "ఏం చేస్తాండె?" అని అడిగింది. "గురక పెడ్తాండె." "మంచిది, జీవమే. కూర్చో." అప్పటినుంచి పెద్దవాళ్లు ఆరాధనకు ముందే వచ్చి పిల్లల సాక్ష్యాలు వినడం మొదలుపెట్టారు. వినోదానికే వచ్చారు గానీ, వినీ వినీ వాళ్ల కళ్లు కూడా తెరుచుకున్నాయి. చేలో కౌజు పిట్ట పిల్లల్ని వెంటేసుకుని పోతుంటే, ఇంటికొచ్చి చెబితే పిల్లలకు పనికిరాదని, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించేవాళ్లు. జెముడుకాకి ముళ్లకంపలో ఎట్లా దూరుతుందో, పాలపిట్ట గాలిలో ఎట్లా పల్టీలు కొడుతుందో, నక్క తోకను ఎట్లా దించుకుని పోతుందో నాకు తెలిసింది ఆ రెండు మూడేళ్లలోనే. ఆ తర్వాత నేను చదివిన చదువులన్నీ ఒక ఎత్తు, ఆ బండల మీద కూర్చుని విన్నది ఒక ఎత్తు.

ఈ బడిలో అత్తకు కొరుకుడుపడని పిల్ల ఒకతే, మా చిన్నాయన కూతురు సువార్త. నా ఈడుదే. దాని నోట్లో నువ్వుగింజ నానేది కాదు. పైగా దాని నోట్లో పడిన తొండ మొసలై బయటికి వచ్చేది. జెర్రిపోతును చూస్తే ఆళ్లగడ్డ బస్సంత పొడుగని రెండు చేతులూ చాచేది, ఉడుమును చూస్తే దూడంత ఉందనేది. "చేతులు కట్టుకుని చెప్పు పాపా" అని అత్త ఎన్నిసార్లన్నా, రెండో వాక్యానికే ఆ చేతులు లేచేవి. అది లేస్తే చాలు గుడంతా ముందే నవ్వేది.

ఆ ఏడు హస్తకార్తె వానలు దండిగా పడ్డాయి. నల్లరేగడిలో శనగలు వేసేవాళ్లకు అదే పెద్ద పండుగ. నేల తడిసి, పైన కాస్త ఆరి, విత్తే గొర్రు దిగే పదును వచ్చాక నాలుగు రోజులు ఆలస్యమైనా ఆ పంట చేతికి రాదు. కుందేట్లో కలిసే వాగు ఒడ్డున మాకు ఒక చేను ఉండేది, వాగొడ్డు చేను అనేవాళ్లం. మాకున్న నేలలో పంటకు నమ్మకమైనది అదొక్కటే. మిగతాదంతా రాళ్లమిట్ట. సోమవారం ఆ చేలో గొర్రు కట్టాలని నాయన విత్తనాలు సిద్ధం చేసి, ఎద్దులకు ఉలవలు పెట్టి ఉంచాడు.

ముందురోజు ఆదివారం ఆళ్లగడ్డ నుంచి పాస్టరు అయ్యగారు సైకిల్ మీద వచ్చారు. ఆయన నెలకొకసారే వస్తారు కాబట్టి ఆ రోజు గుడి కిటకిటలాడుతోంది. పిల్లల సాక్ష్యాలు కూడా ఆయన ముందే జరగాలని అత్త ముచ్చటపడింది. సువార్త లేచింది. అలవాటుగా జనం నవ్వబోయారు.

"వాగొడ్డు చేన్లో బట్టమేక పిట్టను చూసినా" అంది సువార్త. ముసలివాళ్ల వరుసలో కదలిక పుట్టింది. నెమలంత ఎత్తుండి, పొడుగు మెడతో, బరువుగా నేల మీద నడిచే ఆ పిట్టను గురించి మేం కథలు వినడమే. ఒకప్పుడు మందలుగా తిరిగేవనీ, మాంసం రుచిగా ఉంటుందని తరిమి తరిమి కొట్టారనీ పెద్దవాళ్లే చెప్పేవాళ్లు.

"ఏం చేస్తాండె?" అంది అత్త.

"గుడ్డు మింద కూర్చోనుండె. నన్ను చూసి లేసి మెల్లగా నడ్సుకుంటా పాయ. ఒగటే గుడ్డు. మన్ను రంగు."

"నువ్వేం జేస్తివి?"

"ఎనక్కి ఎనక్కి నడ్సుకుంటా వచ్చేస్తి."

అంతే చెప్పి కూర్చుంది. అంతసేపూ దాని చేతులు కట్టుకునే ఉన్నాయి. గుడిలో ఒక్కరూ నవ్వలేదు. సువార్త చెప్పింది నిజమని నాకు తెలిసింది అత్త కళ్లలో నీళ్లు చూశాకే.

ఆరాధన ముగిసి ఆశీర్వాదం అయీ కాకముందే జనమంతా లేచారు. మా ఊరివాళ్లు ఎవరికీ చెడు చేసే మనుషులు కారు, ఆ గుడ్డును ఎత్తుకుపోదామని గానీ పిట్టను కొడదామని గానీ ఎవరి మనసులోనూ లేదు. ఒక్కసారి చూసి వద్దామనే. ముసలమ్మలు చెప్పులు వెతుక్కుంటున్నారు, తల్లులు చంటిపిల్లల్ని చంకనేసుకుంటున్నారు, మగవాళ్లు దగ్గరి దారి ఏదని మాట్లాడుకుంటున్నారు. అందరికంటే ముందు బయటికి వచ్చి సైకిల్ స్టాండు తీసింది మా అయ్యగారే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. నూరు మంది ఆ చేలో అడుగుపెడితే ఆ తల్లి మళ్లీ ఆ గుడ్డు ముఖం చూడదు.

అత్త గబగబా వెళ్లి వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"యాడికి పోతాండారు అందరూ?"

"ఒక్క తూరి చూసొస్తాం టీచరమ్మా."

"సాక్ష్యం నమ్మేదానికమ్మా, పోయి తొక్కేదానికి గాదు. మీరు పోతే అది గుడ్డు ఇడిచిపెట్టి పోతాది. పిల్లా ల్యా, పిట్టా ల్యా." అని సైకిల్ వైపు తిరిగి, "అయ్యా, చూడకుండానే నమ్మమని ప్రతి నెలా మాకు చెప్పేది మీరే గదా!" అంది. అయ్యగారు ఎర్రబడి, సైకిల్‌కు మళ్లీ స్టాండు వేశారు. ఆయన ఆగాక ఇంకెవరు పోతారు? జనం గొణుక్కుంటూ, వాగు దిక్కు ఒకసారి చూసుకుంటూ, ఇళ్ల దారి పట్టారు.

ఇంట్లో మాత్రం అంత సులువుగా తెగలేదు. నాయన మాటలు తక్కువ మనిషి. గుడిలో వాకిలి పక్కన నిలబడి, అందరికంటే ముందు బయటపడేవాడు, జన్మలో ఎన్నడూ సాక్ష్యం చెప్పి ఎరగడు. ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా అన్నాడు. "పదును ఎవురి కోసరమూ ఆగదక్కా."

"గుడ్డూ ఆగదురా," అంది అత్త.

"నడిమధ్యలో కొంచిం జాగా ఇడిచిపెడతా. సుట్టూ ఇత్తుకుంటా."

"సుట్టూ ఎద్దులు తిరుగుతాంటే అది ఆడ కూర్చుంటాదా?"

అమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. "ఆ పిట్ట పొయ్యి ముట్టించదు వదినా, నేను ముట్టించాల. శనగలు పోతే ఏడాదికి పిల్లకు ఏం బెట్టాల?" ఎప్పుడూ ఎవరికీ తగ్గని మా అత్త తలవంచుకుని కూర్చోవడం అదే మొదటిసారి చూశాను. నాకు ఇద్దరి పక్కనా ఏడవాలనిపించింది. నాయన ముద్ద తిని, చెయ్యి కడుక్కుని, కొట్టంలోకి పోయాడు. కాసేపటికి నేను వెళ్లి చూస్తే, ఎద్దుల మెడల్లోని గంటలు విప్పి గూట్లో పెడుతున్నాడు.

సోమవారం ఆయన గొర్రు కట్టాడు, కానీ చేని ఆ చివర, పిట్టకు అన్నిటికంటే దూరాన. ఎద్దులను అదిలించకుండా, ముకుతాడు చేతిలో పట్టుకుని, తానే ఎద్దులతో సమానంగా నడిచి ఒక తునక మాత్రం విత్తి ఆపేశాడు. మర్నాడు ఇంకో తునక, అదీ పిట్ట వైపు కాస్త జరిగి. పాట పాడనిదే విత్తనం వదలని మా అమ్మ, గాజులు మోచేతి దాకా ఎగదోసి గుడ్డ చుట్టుకుని, పెదవి విప్పకుండా వెనక నడిచింది. నువ్వైనా చూశావా అని నేను అడిగితే, "తల ఎత్తలేదు. చూస్తే కాళ్లు ఆడికే పోతాయి" అంది. పిల్లలం మేం వాగు దిక్కు పోకూడదని అత్త ఆజ్ఞ. ఊరు మొత్తం ఆ మాటకు కట్టుబడింది. గొర్రెల కాపరులు మందను ఇంకో దారిన తోలుకుపోయారు. నీళ్లకు వాగుకు పోయే ఆడవాళ్లు చుట్టు తిరిగి పోయారు. "బట్టమేకకు కౌలుకిచ్చినావా అప్పా చేను?" అని నాయనను ఎగతాళి చేసినవాళ్లు కూడా ఆ గట్టు తొక్కలేదు.

నడిమి చేను మాత్రం అట్లాగే మిగిలింది. పదును ఆరుతూ వచ్చింది. మిగతా చేలన్నిటా శనగ మొలకలు పచ్చగా కనబడుతుంటే, మా చేని నడుమ నల్లగా, ఎండిన పుండులా, నాయన కళ్లకు ఎట్లా కనబడి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది. రోజూ పొద్దున ఆయన ఎద్దులను తోలుకుని చేనికి పోయి సద్దికి తిరిగి వచ్చేసరికి, అత్తా నేనూ, గోడ మీద నుంచి సువార్తా, ఆయన ముఖంలోకి చూసేవాళ్లం. ఆయన కాళ్లు కడుక్కుని "రొట్టె పెట్టు" అనేవాడు.

ఒక ఆదివారం సండేస్కూల్లో పిల్లల సాక్ష్యాలు అయిపోయాయి. అత్త పుస్తకం తెరవబోతోంది. వాకిలి పక్కన నిలబడే నాయన అక్కడినుంచి నడిచి వచ్చి, మా పిల్లల వరుస చివర, సువార్త పక్కన నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేతిలో నలుపుకుంటున్నాడు.

అత్త ఏ పిల్లవాణ్ని అడిగినట్టే అడిగింది. "యాడ చూసినావు?"

"వాగొడ్డు చేన్లో."

"ఏం చేస్తాండె?"

"తల్లి ముందర పోతాండె. పిల్ల ఎనకమాల పోతాండె."

"నువ్వేం జేస్తివి?"

"ఎద్దుల్ని నిలబెట్టి, దారి ఇస్తి" అన్నాడు.

అత్త అక్కడే కూలబడి, గంజి పెట్టిన చీర కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. సువార్త మా నాయన చెయ్యి పట్టుకుంది. వెనకనుంచి ఎవరో పాట ఎత్తుకుంటే గుడంతా అందుకుంది. ఎగతాళి చేసినవాళ్లే అందరికంటే గట్టిగా పాడారు. అమ్మ పాడలేదు. నాయన వీపు వైపే చూస్తూ నవ్వుతూ కూర్చుంది. ఆ ఏడు మాకు శనగలు సగమే పండాయి. జొన్నరొట్టె పల్చబడింది, క్రిస్మస్‌కు కొత్తబట్టలు లేవు. నాయన దేవుడి ముందు నిలబడి దారి ఇచ్చానని చెప్పినప్పుడు నాకు కలిగిన గర్వం మాత్రం ఇన్నేళ్లలో ఏ కొత్తబట్టలకూ కలగలేదు.

ఇప్పుడు అత్తా లేదు, నాయనా లేడు. సువార్త డ్యాము పక్కన సున్నిపెంటలో ఉంటుంది. అల్లుడి ఉద్యోగం నుంచి డ్యాము గేట్ల దాకా ఫోనులో అన్నీ గోరంతలు కొండంతలు చేసి చెబుతుంది గానీ, ఆ పిట్ట మాట అడిగితే మాత్రం ఆనాడు చెప్పినంతే చెబుతుంది, ఒక్క మాట ఎక్కువ కలపదు. వాగొడ్డు చేని మీదుగా కరెంటు తీగలు పోయాయి. చుట్టూ కంచెలు పడ్డాయి, బీడు అనేది లేదు. కౌజులు తగ్గాయి, ఆరుద్ర పురుగులను నేను చూసి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. బట్టమేక పిట్ట ఆ తర్వాత ఒకటి రెండేళ్లు ఆ దిక్కున కనబడిందని అన్నారు గానీ, అది విన్నమాటే, అత్త ఒప్పుకునేది కాదు.

మొన్న నేను ఆళ్లగడ్డ బస్సెక్కింది అక్కడి ఒక బడికి పోవడానికే. మన చుట్టుపక్కల జీవాలను గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని అక్కడ టీచరుగా ఉన్న మా బంధువుల అమ్మాయి పిలిచింది. ఈ కథంతా చెప్పాను. ముందు వరుసలోని ఒక పిల్ల టీచరు ఫోనులో బట్టమేక పిట్ట బొమ్మ వెతికించి, తెచ్చి నా ముందు పెట్టింది. "ఇట్లే ఉండెనా అవ్వా?" అంది.

"తెలీదమ్మా. నేను చూడలేదు."

దాని ముఖం చిన్నబోయింది. "మీ చేన్లోనే ఉంటే గూడా చూడలేదా?"

"మా ఊళ్లో ఇద్దరు తప్ప ఎవరమూ చూడలేదు," అన్నాను. ఆ ఇద్దరు ఎవరని అడిగితే సువార్త, మా నాయన అని చెప్పాను. ఇక ఆగలేక ఆ పిల్లకు నా సాక్ష్యం కూడా చెప్పాను. ఆ పిట్టను చూడలేదు తల్లీ, కానీ ఊరు ఊరంతా చూడాలని ప్రాణం లాగుతున్నా చూడకుండా ఆగడం నా కళ్లతో చూశాను. అటువంటిది మళ్లీ ఎక్కడా చూడలేదు.